వరదలో గల్లంతైన మనిషి కోసం ఏడేళ్లు ఆగాలా?

సందేహం: మాది ఖమ్మం జిల్లాలో మున్నేరు ఒడ్డున ఉన్న ఊరు. 2024 సెప్టెంబరు 1న తెల్లవారుజామున వరద పెరుగుతోందని మా ఆయన గేదెలను విప్పడానికి కొట్టం దగ్గరకు వెళ్లి కొట్టుకుపోయారు. కొట్టుకుపోతుంటే మా ఊరివాళ్లు ఇద్దరు చూశారు. వారం రోజులు వెతికినా శవం దొరకలేదు. పోలీసులు మిస్సింగ్ కేసు రాశారు. పరిహారం కోసం ఆఫీసుకు వెళితే ‘శవం లేదు, పోస్టుమార్టం రిపోర్టు లేదు, ఏడేళ్లు ఆగి రా’ అన్నారు. రెండున్నర ఎకరాలు ఆయన పేరునే ఉంది. రేకుల ఇల్లు కూలిపోయింది, దానికి పట్టా లేదు. గేదెల కోసం తీసుకున్న లోను కట్టమని ఫోన్లు వస్తున్నాయి. మా అత్తగారేమో ఆయన ఎక్కడో ఉన్నాడు, చనిపోయాడని కాగితం తేవద్దు అంటోంది. ఇద్దరు పిల్లలు. ఏం చేయాలి?
– ఒక సోదరి, ఖమ్మం జిల్లా

సలహా: అమ్మా, మీరు ఏడేళ్లు ఆగనక్కర్లేదు. ఆగితే మీకే నష్టం. అది ఎందుకో ముందు చెబుతాను.

ఏడేళ్ల మాట పాత సాక్ష్య చట్టంలో 108వ సెక్షన్‌లో ఉండేది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో అది 111వ సెక్షన్ అయింది. ఒక మనిషి బతికుంటే ఆ సంగతి సహజంగా ఎవరికి తెలియాలో వాళ్లకు ఏడేళ్లుగా ఏ కబురూ లేకపోతే, అతను బతికే ఉన్నాడనేవాళ్లే ఆ మాట రుజువు చేయాలి. సెక్షన్ చెప్పేది ఇంతే. ఇల్లు విడిచి వెళ్లి జాడ లేకుండా పోయినవారి విషయంలో, వేరే ఏ ఆధారమూ లేని కుటుంబానికి సాయంగా పెట్టిన నియమం ఇది. చనిపోయాడని చూపే ఆధారాలున్నా ఏడేళ్లు ఆగి తీరాలని చట్టం ఎక్కడా చెప్పలేదు. దాని ముందున్న 110వ సెక్షన్ ప్రకారం, గత ముప్పై ఏళ్లలో బతికున్నట్టు తెలిసిన మనిషి చనిపోయాడని ఎవరంటే రుజువు భారం వాళ్లదే. ఆ రుజువు శవంతోనే చూపాలన్న షరతు లేదు. కొట్టుకుపోవడం కళ్లారా చూసిన ఇద్దరు సాక్షులు, ఆ రోజు మున్నేరు ఉధృతి, ఆ తర్వాత ఫోన్ గానీ బ్యాంకు ఖాతా గానీ కదలకపోవడం, ఇవన్నీ రుజువులే.

ఇక నష్టం సంగతి. ఏడేళ్లు నిండితే మనిషి చనిపోయాడని భావిస్తారు గానీ, ఎప్పుడు చనిపోయాడన్నది ఆ భావనలోకి రాదు. ఎల్‌ఐసీకి సంబంధించిన ఒక కేసులో 2004లో సుప్రీంకోర్టు ఈ విషయం స్పష్టంగా చెప్పింది. తేదీ కావాలంటే దాన్ని విడిగా రుజువు చేసుకోవాలి. మీ భర్త పేరున భూమి ఉంది, వయసు 18–59 మధ్య ఉండి ఉంటే రైతు బీమాలో ఆయన పేరు ఉండే అవకాశం చాలా ఎక్కువ. రైతు ఏ కారణంతో చనిపోయినా నామినీకి 5 లక్షలు వచ్చే పథకం అది. కానీ ఆ పాలసీ ఆగస్టు 14 నుంచి మరుసటి ఆగస్టు 13 దాకా, ఏడాదికి ఏడాది నడుస్తుంది. 2031లో మీరు కాగితం తెచ్చుకుంటే, అందులో 2024 సెప్టెంబరు 1 అన్న తేదీ లేకపోతే ఏ ఏడాది పాలసీ కింద ఇవ్వాలని అడుగుతారు. అప్పటికి ఆ ఇద్దరు సాక్షులు ఎక్కడుంటారో, వాళ్లకు ఎంత గుర్తుంటుందో కూడా చెప్పలేం. అందుకే డెత్ సర్టిఫికెట్ తెచ్చుకోవడం ఒక్కటే చాలదు. దానిమీద పడే తేదీ, స్థలం మీకు ప్రాణాధారం.

శవం దొరకని కుటుంబాలకు ఇలాంటి పరిస్థితి కొత్తగా వచ్చింది కాదు. 2013 జూన్‌లో కేదార్‌నాథ్ వరదల్లో 4,000 మందికి పైగా గల్లంతయ్యారు, వారిలో మన తెలుగు యాత్రికులూ ఉన్నారు. అప్పుడు కేంద్ర హోంశాఖ కింద ఉండే రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం ఉత్తరాఖండ్ కోసం ఒక పద్ధతి ఖరారు చేసింది. ముందు పోలీసు ఫిర్యాదు, దానిమీద విచారణ. అధీకృత అధికారి చనిపోయినట్టు తాత్కాలికంగా నిర్ధారించి పత్రికల్లో ప్రకటిస్తారు. 30 రోజుల్లో అభ్యంతరాలు రాకపోతే తుది ఉత్తర్వు, దానిమీద డెత్ సర్టిఫికెట్. 2021 ఫిబ్రవరిలో చమోలీలో రిషిగంగ ముంచెత్తినప్పుడు మళ్లీ అదే దారిలో వెళ్లారు.

కేరళలోని వయనాడ్ ఉదాహరణ మీకు ఇంకా దగ్గరిది. 2024 జులై 30న పుంచిరిమట్టం, ముండక్కై, చూరల్‌మల ఊళ్ల మీద కొండ విరిగిపడింది. శవాలు, శరీర భాగాలు చాలియార్ నదిలో కొట్టుకుపోయి పక్క జిల్లా మలప్పురంలో తేలాయి. గుర్తుపట్టలేనివాటికి నంబర్లు వేసి పుత్తుమలలో పూడ్చారు, తర్వాత డీఎన్‌ఏ పరీక్షలతో కొందరు ఎవరో తేల్చారు. ఎంతకీ జాడ తెలియనివారిని చనిపోయినవారిగా గుర్తించాలని కేరళ ప్రభుత్వం 2025 జనవరిలో నిర్ణయించింది. అప్పటికి ఏడాది కూడా నిండలేదు. స్థానిక కమిటీ జాబితా తయారుచేయడం, జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ చూడడం, రాష్ట్రస్థాయి కమిటీ ఆమోదించడం, ఇలా నడిపించారు. వాళ్ల కుటుంబాలకు పరిహారమూ అందేలా చేశారు. ఈ ఉత్తర్వులు ఆయా రాష్ట్రాలకు సంబంధించినవి, మీ కేసుకు నేరుగా వర్తించవు. కానీ అదే పద్ధతి ఇక్కడా పాటించమని కలెక్టరును అడగవచ్చు, అవసరమైతే హైకోర్టుకూ చూపించవచ్చు.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని. ముందు పోలీసు స్టేషన్ నుంచి ఎఫ్‌ఐఆర్ కాపీ తీసుకోండి, అది ఉచితంగా ఇవ్వాలి. అందులో ‘మనిషి కనిపించుట లేదు’ అని మాత్రమే రాసి, వరదలో కొట్టుకుపోయినట్టు లేకపోతే, ఆ ఇద్దరు సాక్షుల వాంగ్మూలాలు నమోదు చేయమని లిఖితపూర్వకంగా అడగండి. గాలింపు చేసిన ఫైర్ సిబ్బంది, విపత్తు బృందాల రిపోర్టు, ఆయన ఫోన్ చివరిసారి ఏ టవర్ పరిధిలో ఉందన్న కాల్ డేటా కూడా కేసు ఫైలులో చేరాలి. ఊళ్లోవాళ్ల పంచనామా, గ్రామపంచాయతీ తీర్మానం, ఆ రోజుల్లో పేపర్లో వచ్చిన వార్త ఉంటే దాచిపెట్టండి.

ఇంకో మాట, చాలామంది దీన్ని వదిలేస్తారు. మున్నేరు మన జిల్లాలోనే ఆగదు కదా. ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లి, పెనుగంచిప్రోలు మీదుగా సాగి కృష్ణలో కలుస్తుంది. అక్కడ దొరికిన గుర్తు తెలియని శవం కేసు ఆంధ్రప్రదేశ్ పోలీసుల దగ్గర ఉంటుంది, దాని సంగతి మీ స్టేషన్‌కు తెలియకపోవచ్చు. 2024 సెప్టెంబరులో నది దిగువన నమోదైన గుర్తు తెలియని మృతదేహాల కేసులతో మీ భర్త వివరాలు పోల్చి చూడమని, అవసరమైతే పిల్లల డీఎన్‌ఏ నమూనా తీసుకోమని అర్జీలో రాయండి. పోలిక కుదిరితే మీ కష్టం సగం తీరినట్టే. కుదరకపోయినా పూర్తిగా వెతికారన్న ఆధారం మీకు మిగులుతుంది.

ఈ కాగితాలన్నీ జతచేసి కలెక్టరుకు అర్జీ పెట్టండి, ఆర్డీవోకు ఒక కాపీ ఇవ్వండి. జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు అధ్యక్షులు కలెక్టరే. అర్జీలో రెండు విషయాలు అడగాలి: మీ భర్త 2024 సెప్టెంబరు 1న మీ ఊరి దగ్గర మున్నేరు వరదలో చనిపోయినట్టు ఉత్తర్వు, దాని ఆధారంగా మరణ నమోదు. ఏడాది దాటిన మరణాలను నమోదు చేయడానికి ఇదివరకు ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లాల్సి వచ్చేది. జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ తర్వాత జిల్లా మేజిస్ట్రేట్, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ లేదా అధికారం పొందిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఉత్తర్వు సరిపోతుంది. అది చేతికొస్తే మీ పంచాయతీ కార్యదర్శి నమోదు చేసి సర్టిఫికెట్ ఇస్తారు. అర్జీ ఇచ్చిన ప్రతిచోటా రసీదు తీసుకోండి. నోటిమాటగా ‘కుదరదు’ అంటే ఆ ముక్క కాగితం మీద రాసివ్వమనండి.

రెండు మూడు నెలలైనా కదలిక లేకపోతే హైకోర్టులో రిట్ వేయవచ్చు. విపత్తు నిర్వహణ చట్టం కింద అధికారులు చేసే పనుల మీద కింది కోర్టుల్లో దావా వేయకుండా 71వ సెక్షన్ అడ్డుపడుతుంది, అందుకే హైకోర్టు. మీ భర్త చనిపోయారని ప్రకటించమని మాత్రమే అడిగే దావాను మీ సివిల్ కోర్టులో స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 34వ సెక్షన్ కింద వేయవచ్చు, కానీ దానికి టైమ్ పడుతుంది. మీ దగ్గర ఉన్న సాక్ష్యంతో ముందు కలెక్టరు దారే మంచిదని నా అభిప్రాయం.

పరిహారానికి పోస్టుమార్టం రిపోర్టే కావాలన్నది కూడా పొరపాటే. 2022–26 కాలానికి కేంద్రం ఇచ్చిన విపత్తు సహాయ ప్రమాణాల్లో మృతుడి కుటుంబానికి 4 లక్షలు అని ఉంది. మరణ కారణాన్ని తగిన అధికారి ధ్రువీకరించాలన్నదే దానికి షరతు. మీ వరదల సమయంలో తెలంగాణ ప్రభుత్వం దీన్ని 5 లక్షలు చేసింది. దీన్ని దయతో ఇచ్చే సొమ్ముగా చూడకండి. ఆ వరదల నాటికి అమల్లో ఉన్న విపత్తు నిర్వహణ చట్టం 12వ సెక్షన్‌లో ప్రాణనష్టానికి ఎక్స్‌గ్రేషియా సంగతి ఉంది, అది తప్పనిసరి అని 2021లో కోవిడ్ మరణాల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గేదెలు పోతే వాటికి వేరేగా సాయం ఉంది. కేంద్ర ప్రమాణాల్లో పాడి పశువుకు 37,500, అప్పట్లో రాష్ట్రం ప్రకటించింది 50,000. కళేబరం ఫొటో, పశువైద్యుడి ధ్రువీకరణ ఉన్నాయేమో చూడండి.

ఇల్లు కొంచెం కష్టం. మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి 1.20 లక్షలు, గుడిసెకు 8,000 అని ప్రమాణాల్లో ఉన్నా, అది అధీకృత నిర్మాణమని రాష్ట్ర అధికారి ధ్రువీకరించాలన్న మెలిక కూడా ఉంది. పట్టా లేదు కాబట్టి ఇంటి నంబరు, ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లు, ఆ అడ్రసుతో ఉన్న రేషన్ కార్డు చూపించి వాదించాలి. వరద తర్వాత నష్టం లెక్కించి తయారుచేసిన ఎన్యూమరేషన్ జాబితాలో మీ ఇల్లు ఏ కేటగిరీలో పడిందో సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఇది తప్పకుండా వస్తుందని నేను మాట ఇవ్వలేను. కానీ మరణ పరిహారాన్ని దీనితో ముడిపెట్టి ఆపే హక్కు ఎవరికీ లేదు.

రైతు బీమా కోసం మీ వ్యవసాయ విస్తరణ అధికారికి ఇవాళే ఒక లెటర్ ఇవ్వండి, సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగొద్దు. ఆయన బ్యాంకు పాస్‌బుక్ కూడా తెరిచి చూడండి. ఏడాదికోసారి 20 రూపాయలు కోసి ఉంటే అది ప్రధానమంత్రి సురక్షా బీమా, 436 రూపాయలైతే జీవన్ జ్యోతి. ఒక్కొక్కటి 2 లక్షలు. సురక్షా బీమా ప్రమాదాలకే అయినా ప్రకృతి విపత్తులో పోయిన ప్రాణానికీ వర్తిస్తుంది. వీటి సంగతి తెలియక వదిలేసిన కుటుంబాలు ఎన్నో. మామూలు ఎల్‌ఐసీ పాలసీ ఏదైనా ఉంటే, మరణం నమోదయ్యేదాకా వీలైతే ప్రీమియం ఆపకండి.

లోను విషయంలో టెన్షన్ పడకండి. విపత్తు బాధితులకు రుణ చెల్లింపులో ఊరట సిఫారసు చేసే విపత్తు నిర్వహణ చట్టం 13వ సెక్షన్‌ను 2025 సవరణలో తీసేశారు. నా దృష్టిలో అది బాధితులకు పెద్ద అన్యాయం. అయినా భర్త అప్పుకు మీరు సహ రుణగ్రహీతగానో జామీనుగానో సంతకం చేయకపోతే, ఆయన నుంచి మీకు సంక్రమించిన ఆస్తి మేరకే బాధ్యత ఉంటుంది. మీ సంపాదన, మీ పుట్టింటి బంగారం జోలికి రావడానికి వీల్లేదు. లోనుతో పాటు బీమా ప్రీమియం కోశారేమో అడగండి, కోసి ఉంటే అప్పు దాన్నుంచే తీరుతుంది. ఎఫ్‌ఐఆర్ కాపీ జతచేసి లోను ఇచ్చిన సంస్థకు రాతపూర్వకంగా తెలియజేయండి. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఏజెంట్లు ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది.

మీ అత్తగారి బాధ నాకు అర్థమవుతోంది. బిడ్డ శవాన్ని చూడని తల్లి నమ్మకపోవడం సహజం. ఆమెతో ఈ మాట చెప్పండి: ఈ ఉత్తర్వు వల్ల ఆమె కొడుకు తిరిగొచ్చే దారి మూసుకుపోదు. ఆయన నిజంగా వస్తే ఉత్తర్వు రద్దవుతుంది, అందుకున్న సొమ్ము తిరిగి ఇస్తామని హామీపత్రం తీసుకోవడమూ మామూలే. ఆమెను పక్కనపెట్టి ఈ పని చేయకండి. ఒకటి, అభ్యంతరాలు పిలిచినప్పుడు ఆమె కాదంటే ఫైలు ఆగుతుంది. రెండు, మీరు హిందువులైతే కొడుకు ఆస్తిలో తల్లి కూడా మొదటి తరగతి వారసురాలు. ఆ రెండున్నర ఎకరాల్లో మీకు, పిల్లలిద్దరికి, ఆమెకు సమాన వాటాలు వస్తాయి. భూమి మార్పిడికి వారసుల ధ్రువపత్రంలో ఆమె పేరు ఉండాల్సిందే. సర్టిఫికెట్ వచ్చాక మీకు 2,016 రూపాయల వితంతు పింఛనుకూ దరఖాస్తు చేసుకోవచ్చు.

లాయరు ఫీజు గురించి ఆలోచించి ఆగకండి. మహిళలకు, వరద బాధితులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్‌లో ఉంది, మీరు రెండు విధాలా అర్హులే. ఖమ్మం కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు ఎఫ్‌ఐఆర్, ఆధార్ కార్డులు, పట్టాదారు పాస్‌బుక్, బ్యాంకు పాస్‌బుక్ తీసుకెళ్లండి. వీలైతే ఆ ఇద్దరు సాక్షులను కూడా వెంటబెట్టుకుని వెళ్లి, వాళ్లు చూసింది అఫిడవిట్‌గా అక్కడే రాయించండి.