ఫేర్‌వెల్ నాడు పిల్లల మీద నాలుగు మాటలు రాయాలంటే

చిరంజీవి తల్లికి, ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో నీ గొంతులో టెన్షన్ విని నవ్వొచ్చింది, ఏమీ అనుకోకు. మన గురుకులంలో ప్రిన్సిపాల్ మేడమ్ నీకు అప్పగించిన పని ఇరవై రెండేళ్ళు నేను చేసిందే. సీనియర్ ఇంటర్ పిల్లల మీద తలా నాలుగు మాటలు రాసి, ఫేర్‌వెల్ రోజు మైకులో చదవాలి, అంతే కదా. వినడానికి సులువే. ఎంపీసీ నలభై, బైపీసీ నలభై, మొత్తం ఎనభై మంది. తలా ఒక్క నిమిషం వేసుకున్నా గంటా ఇరవై నిమిషాలు. అవతల బిర్యానీ చల్లారిపోతుంది. కాబట్టి ఒక్కో పిల్లకి ఐదు వాక్యాలు దాటనివ్వకు. ఐదు వాక్యాల్లో కనబడని పిల్ల పదిహేను రాసినా కనబడదు.

పని ఇప్పుడే, డిసెంబరులోనే మొదలుపెట్టు. ఫిబ్రవరిలో ప్రాక్టికల్స్ వస్తే పిల్లలు నీ చేతికి చిక్కరు. చిన్న నోటుబుక్ కొని, పేజీకి ఒక పేరు వేసి, కనబడింది కనబడినట్టు రెండు ముక్కలు ఎక్కించుకుంటూ పో. సంక్రాంతి సెలవుల్లో ఇంట్లో కూర్చుని తీరిగ్గా రాస్తాననుకుంటున్నావేమో, వద్దు. ఇంట్లో కూర్చుంటే అందరూ మంచి పిల్లల్లాగే గుర్తొస్తారు.

మనవాళ్ళ చెయ్యి ముందు మార్కుల మీదికి పోతుంది. 1971లో పీవీ నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉండగా సర్వేల్‌లో మొదటి గురుకులం పెట్టారు. అప్పటి నుంచీ గురుకులం అనగానే జనానికి ర్యాంకులే గుర్తొస్తాయి. తప్పేం లేదు, ఆ ర్యాంకులతోనే ఎన్నో ఇళ్ళు నిలదొక్కుకున్నాయి. కానీ ఎవరికి ఎన్ని వచ్చాయో మెమోలో ఉంది, నోటీసు బోర్డు మీదా ఉంది. నువ్వు మళ్ళీ చదవడం దేనికి? ‘చదువుల సరస్వతి’, ‘ఆణిముత్యం’, ‘మల్లెపువ్వు లాంటి మనసు’ కూడా నోటుబుక్‌లోకి రానివ్వకు. నేను మొదటి ఏడాది ఒకే సభలో పదకొండు మంది సరస్వతుల్ని తయారుచేశాను. పన్నెండో పిల్ల పేరు పిలవగానే వెనక నుంచి ఎవరో ‘సరస్వతి!’ అని అరిచారు. హాలంతా ఒకటే నవ్వు. సిగ్గేసింది గానీ, ఆ అరిచిన పిల్లే నాకు గురువు.

ఇంకొకటి. 2014 మే 25న మన తాడ్వాయి గురుకులంలో చదివే మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమెకి పదమూడేళ్ళ పదకొండు నెలలు. ఆ రోజు స్టాఫ్ రూములో మేమంతా మా సొంత బిడ్డ ఎక్కినట్టే సంబరపడ్డాం. ఆ మరుసటి ఏడాది నుంచి కాస్త చురుగ్గా ఉన్న ప్రతి పిల్లా ‘మరో పూర్ణ’ అయిపోయింది, కబడ్డీ ఆడేదీ, ఖోఖో ఆడేదీ, ఆఖరికి నీళ్ళ ట్యాంకు ఎక్కి దెబ్బలు తిన్నది కూడా. పూర్ణ ఎవరికీ మరొకరు కాదు. నీ పిల్లనీ అట్లాగే ఉండనియ్.

సరే, ఏం రాయాలి అంటావు. ఒక్కటే ఉపాయం చెప్తాను. మైకులో పేరు ముందు చదవకు. వాక్యాలు చదువు, పేరు చివర చెప్పు. నువ్వు చెప్పేలోపే పిల్లలు ఆ పేరు అరవాలి. అరిచారా, నువ్వు రాసింది ఆ పిల్ల గురించే. ఎవరూ అరవకపోతే, అది ఎవరి మీదైనా రాయగలిగేదే. నేనైతే రెండు రోజుల ముందు జూనియర్ ఇంటర్ పిల్లలు ఇద్దర్ని పిలిచి పేర్లు లేకుండా చదివి చూసేదాన్ని. వాళ్ళు మొహమొహాలు చూసుకుంటే ఆ పేజీ చింపేదాన్ని.

ఒక పిల్ల సంగతి చెప్తాను, ఊరూ పేరూ వద్దు, ఇప్పుడు సంసారం చేసుకుంటోంది. దసరా సెలవులకి ముందు మన బళ్ళో బతుకమ్మ ఆడిస్తాం కదా. ఏటా గునుగు పూలకి రంగు అద్దే పని ఆ పిల్లదే. బకెట్లో గులాబీ రంగు కలిపి, తెల్లటి గునుగు కట్టల్ని తలకిందులు చేసి ముంచి, ఒకసారి విదిలించి, దండెం మీద వరసగా వేలాడదీసేది. ఎవరన్నా సాయం చేస్తామంటే ‘మీరు ఎక్కువ ముంచుతరు, పువ్వు బరువైతది’ అని పక్కకి నెట్టేది. ఆ వారమంతా మోచేతుల దాకా గులాబీ రంగే. సెలవులయ్యాక ఫిజిక్స్ మేడమ్ యూనిట్ టెస్ట్ పేపర్లు దిద్దుతూ ‘ఇది ఎవరి పేపరో పేరు చూడక్కర్లేదు’ అని నాకు చూపించింది. మార్జిన్లో గులాబీ రంగు బొటనవేలి ముద్ర. ఆ ముద్ర మీదే మూడు వాక్యాలు రాశాను. రెండో వాక్యానికే హాలు ఆ పేరుతో మోగిపోయింది. ఆ పిల్లకి ఫిజిక్స్‌లో ఎన్ని మార్కులొచ్చాయో నాకిప్పుడు గుర్తు లేదు.

ఇట్లాంటివి క్లాసులో దొరకవు తల్లీ. క్లాసులో నీకు కనబడేవి రెండు జడలు, రిబ్బన్లు, తలవంచిన మొహాలు. వంటింటి దగ్గరికి పో. సిక్ రూములో నర్సమ్మని అడుగు. రెండో ఆదివారం తల్లిదండ్రులొచ్చినప్పుడు గేటు దగ్గర ఊరికే నిలబడు. తండా నుంచి వచ్చిన తల్లిని చూసి ‘యాడీ!’ అని అరుస్తూ ఉరికే పిల్లని చూస్తే, ఈమేనా మొన్న నీ క్లాసులో నోరు మెదపనిది అనిపిస్తుంది. ఆ ‘యాడీ’ని అట్లాగే రాయి, ‘అమ్మా’ అని దిద్దకు. ‘గట్లనే మేడమ్’ అన్న పిల్ల చేత ‘అలాగే మేడమ్’ అనిపించకు. మనం తెలుగు టీచర్లం కదా, ఎర్ర పెన్ను అదుపులో ఉండదు.

నోరు మెదపని పిల్లలతోనే అసలు కష్టం. అల్లరి పిల్లల మీద ఎవరైనా రాస్తారు. ఒక ఏడాది ఒక పిల్ల పేజీలో జనవరి దాకా ‘నెమ్మదైనది, క్రమశిక్షణ గలది’ అన్న రెండు ముక్కలే ఉన్నాయి. చివరికి వంట చేసే అక్కని అడిగాను. ‘ఆ పిల్లనా? ఎండు మిరపకాయల పిల్ల గదా మేడమ్’ అంది. పప్పు వడ్డించగానే బల్ల మీద అందరి ప్లేట్లలోంచి పోపులో వేసిన మిరపకాయల్ని వసూలు చేసేదట. మాట్లాడదు, ఊరికే ప్లేటు ముందుకి జరుపుతుంది. అందరూ తలా ఒకటి వేస్తారు. ఆఖర్న వాటన్నిటినీ పెరుగన్నంలో నంజుకుని తింటుందట, కంట్లో నీళ్ళు కూడా రాకుండా. నేను మెస్ డ్యూటీ చేసిన రోజులెన్ని, ఒక్కనాడూ చూడలేదు. ఫేర్‌వెల్ నాడు ‘మిరపకాయ’ అనగానే ఆ బల్ల పిల్లలు లేచి నిలబడ్డారు.

ఐదో తరగతిలో ఎంట్రన్స్ రాసి వచ్చిన వాళ్ళు నీ కళ్ళ ముందు ఎనిమిదేళ్ళు పెరుగుతారు. ఇంటర్‌లో వచ్చి చేరిన వాళ్ళకి రెండేళ్ళే. తెలియకుండానే పాత పిల్లలకి ఎక్కువ, కొత్త పిల్లలకి తక్కువ రాస్తాం. వాక్యాలు లెక్కపెట్టుకో, నిజంగా చెప్తున్నా. వాళ్ళు లెక్కపెడతారు.

అల్లరి చెప్పొచ్చు, కానీ శిక్ష గడువు దాటినదే చెప్పు. మా కాలంలో ఒక పిల్ల గంట డ్యూటీలో నెల రోజులు ఐదింటి గంట ఐదూ పదికి కొట్టింది, డార్మిటరీ అంతా పది నిమిషాలు ఎక్కువ నిద్రపోవాలని. నేనేమో నా వాచీ ముందుకి పోతోందనుకుని రిపేరుకిచ్చాను. ఫేర్‌వెల్‌లో అది చదివితే ప్రిన్సిపాలే అందరికన్నా ఎక్కువ నవ్వింది. అదే డిసెంబరులో తెలిసుంటే నవ్వేదా? ప్రేమలూ ఉత్తరాలూ అనే జోకు ఒక్కటీ వద్దు, ఎంత చిన్నదైనా. నీకు అది జోకు. మూడో వరసలో కూర్చున్న తండ్రికి పెళ్ళి తొందర పెట్టడానికి అదే చాలు. రంగూ లావూ పొట్టీ కూడా అంతే. ముద్దుపేరు చదవాలనుంటే ఆ పిల్లని ఒక్కదాన్నే పిలిచి అడుగు.

ఇక నేను చేసిన తప్పు. రాయడానికి ఇప్పటికీ చెయ్యి ఆడదు. ఒక పిల్లకి తండ్రి లేడు. నాకు ఆ పిల్లంటే ప్రాణం. ‘తండ్రి నీడ లేకపోయినా తలెత్తి నిలిచిన తల్లి’ అని రాసుకుని, రాసుకున్నందుకు నేనే మురిసిపోయాను. మైకులో చదువుతుంటే హాలు నిశ్శబ్దమైపోయింది. బాగా కదిలిపోయారనుకున్నాను. తలెత్తి చూస్తే ఆ పిల్ల కుర్చీలో లేదు. చేతులు కడుక్కునే పంపు దగ్గర కనబడింది, మొహం మీద నీళ్ళు కొట్టుకుంటూ. వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాను. చెయ్యి తీసేయలేదు గానీ, ‘మా క్లాసుల సగం మందికి తెల్వదు మేడమ్’ అంది. ఏడేళ్ళు దాచుకున్నది నేను ఒక్క వాక్యంలో బయటపెట్టేశాను, అదీ మైకులో. ఇంటి సంగతి ఏదైనా సరే, ఆ పిల్ల నోటితో నలుగురిలో చెప్పి ఉంటే తప్ప ముట్టుకోకు. నీకు మాత్రమే చెప్పింది నీ దగ్గరే ఉండాలి.

‘కలెక్టర్ అవుతావు’, ‘డాక్టర్ అవుతావు’ అన్న దీవెనలు ముఖ్య అతిథి ఎలాగూ ఇస్తారు, నువ్వు వదిలెయ్. కాలేని పిల్ల పదేళ్ళ తర్వాత ఆ మాటని మోసుకు తిరుగుతుంది.

చదివిన కాగితం ఆ పిల్లకే ఇచ్చెయ్. టైపు చేయించకు, నీ చేతిరాతతో, తప్పు పోతే కొట్టివేతతో సహా ఇవ్వు. వాట్సాప్‌లో ఫోటో పెడతానని ఎవరైనా అంటే ఆ పిల్ల ఇష్టం.

నా పాత నోటుబుక్కులు పంపమన్నావు. పంపను. చూస్తే నా పిల్లల్ని నీ పిల్లలకి తొడుగుతావు. ఈ వారం ఒక పని చెయ్యి. ఎనభై పేజీల్లో ఇంకా ఏమీ ఎక్కనివి ఎన్నో లెక్కపెట్టి నాకు ఫోన్ చెయ్యి. పది దాటితే వచ్చే ఆదివారం నేనే బస్సెక్కి వస్తాను. ఆ రోజు చికెన్ కదా, వడ్డించే టైముకి వంటింటి గుమ్మం దగ్గర ఇద్దరం రెండు కుర్చీలు వేసుకుని కూర్చుందాం.

నీ పాత తెలుగు మేడమ్