రబ్బరుతో ఎగిరే తొలితరం విమాన నమూనా: దేన్ని ఎంచుకోవాలి?

విజయవాడలో ఉంటూ 1910 నాటి వింత విమానాల నమూనాను మెలిపెట్టిన రబ్బరు బలంతో ఎగరేయాలంటే దేన్ని ఎంచుకోవాలి, ఆ కాలపు ఫ్రెంచి విమానం బ్లేరియో 11 నమూనా ముక్కు పైకెత్తి ఎందుకు కూలిపోతోంది అన్నది మీ ప్రశ్న.

బ్లేరియో ముక్కు పొట్టి. అసలు విమానంలో అక్కడ బరువైన ఇంజన్ ఉండేది. నమూనాలో ఆ చోట తేలికపాటి ప్రొపెల్లర్ మాత్రమే ఉండి, రబ్బరు బరువు రెక్క వెనక్కి చేరుతుంది కాబట్టి, ముక్కులో సీసం ముక్క అమర్చి, గురుత్వ కేంద్రం రెక్క ముందు అంచు నుంచి దాని వెడల్పులో దాదాపు మూడో వంతు దగ్గర నిలిచేలా చూడాలి. అప్పటికీ విడిచిన వెంటనే ముక్కు లేస్తుంటే, నిండుగా మెలిపెట్టిన రబ్బరు మొదట్లోనే ఎక్కువ బలాన్ని వదలడమే కారణం. ప్రొపెల్లర్ ఇరుసును రెండు మూడు డిగ్రీలు కిందికి వంచితే సర్దుకుంటుంది.

నన్నడిగితే ఆ కాలపు మరో ఫ్రెంచి విమానం ఆంత్వానెత్ 7 నయం. పొడవాటి ముక్కు, పెద్ద తోక, చివర్లకు పైకి లేచే రెక్కలు దానికి సహజంగానే ఉన్నాయి. పైలట్ లేని నమూనా తనంతట తాను నిలదొక్కుకోవడానికి కావలసినవి ఇవే. 1871లో పారిస్‌లో ఫ్రెంచి విమాన పరిశోధకుడు పెనో తయారుచేసిన రబ్బరు నమూనా 11 సెకన్ల పాటు నిలకడగా ఎగిరిందంటే, తోకకూ రెక్కల చివర్లకూ ఆయన ఇచ్చిన కోణాలే కారణం. తోక ముందుకు వచ్చిన సాంటోస్-డ్యూమోంట్ విమానం 14-బిస్ చూడముచ్చటగా ఉంటుంది గానీ, తొలి ప్రయత్నానికి వద్దు.

రబ్బరుకు ఆముదం పలుచగా పట్టించండి. మన వేసవి మధ్యాహ్నాల్లో దాన్ని స్కూటర్ డిక్కీలో వదిలేస్తే పాడైపోతుంది. శీతాకాలపు ఉదయాన గాలి లేవకముందే ఎగరేయడం మేలు. అయితే రెక్కలకు అతికించిన సంక్రాంతి గాలిపటాల కాగితం మంచు తేమకు వదులై రెక్క మెలితిరుగుతుంది కనుక, విడిచే ముందు నమూనాను వెనక వైపు నుంచి ఒకసారి పరికించి చూడాలి.