వైశ్రవణుడు బొమ్మలా బిగుసుకుపోతుంటే (సమాధానం)

చైనాలోని దున్‌హువాంగ్ బౌద్ధ గుహల కుడ్యచిత్రాల్లో, కవచంతో, అరచేతిలో స్తూపంతో ఉండే దిక్పాలకుడు వైశ్రవణుడిని కూచిపూడిలోకి తెస్తే బొమ్మలా నిలబడిపోతున్నాడని రాశారు. చిక్కంతా అరమండితోనే (మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్నట్టు నిలబడడం) అండీ. అందులో బరువు రెండు కాళ్లకీ సమానంగా పడుతుంది, వంపు రాదు. బరువు దాదాపు మొత్తం కుడికాలిమీద వేసి, నడుము అటే తోసి, ఛాతీ ఎడమకూ తల మళ్లీ కుడికీ వంచండి. నడుము కదపకుండా భుజాలు వంచితే కుంటుతున్నట్టు ఉంటుంది.

గోడమీద ఉన్నది ఒక్క క్షణమే కదా. భంగిమలోకి రావడానికి ఆదితాళం ఒక ఆవర్తం (ఎనిమిది దెబ్బల ఒక చుట్టు), నిలవడానికి అందులో సగం చాలు. నిలిచినా చూపు కదలాలి.

అరచేతిలోని స్తూపం థర్మోకోల్‌తో చేయించండి, బరువైతే మోచెయ్యి జారుతుంది. కవచం మాత్రం ఛాతీకీ నడుముకీ విడివిడిగా, మధ్యలో నాలుగు వేళ్ల సందుతో కుట్టించాలి. ఒకే ముక్కగా ఉంటే, ఎంత సాధన చేసినా ఆ వంపు ప్రేక్షకులకు కనిపించదు.