ఏ బిల్లు ఎప్పటిదో టెర్మినల్లో తెలియాలంటే

ప్రశ్న: అంబాజీపేటలో కొబ్బరి వర్తకుల దగ్గర లెక్కలు రాస్తానండి. లారీ బిల్లులు, దింపు లెక్కలు స్కాన్ చేసి లైనక్స్ లాప్‌టాప్‌లో రైతుకో ఫోల్డరు చొప్పున దాస్తాను. కమాండ్లు కొట్టే టెర్మినల్లో, ఫైళ్ల జాబితా చూపే ‘ఎల్‌ఎస్ హైఫన్ ఎల్’ కొడితే కొత్త బిల్లులకు టైము వస్తోంది, పాతవాటికి సంవత్సరమే వస్తోంది. ఏ ఫోల్డరు చూసినా సైజు 4096 అంటోంది. ఎవరో చెబితే ఎల్‌ఎస్ బదులు వాడే ఎల్‌ఎస్‌డీ అనే ప్రోగ్రాం వేసుకున్నాను. పేర్ల ముందు ఖాళీ గళ్లు పడుతున్నాయి. నాకు తేదీ, సైజు, పేరు కనిపిస్తే చాలు. ఏం చెయ్యాలి?
– ఒక పాఠకుడు, అంబాజీపేట

జవాబు: ముందు ఆ గళ్ల సంగతి చూద్దామండి. ఎల్‌ఎస్‌డీ ప్రతి పేరు ముందూ చిన్న బొమ్మ వేస్తుంది. ఆ బొమ్మలు మామూలు ఫాంట్లలో ఉండవు, నెర్డ్ ఫాంట్ అనే రకం ఉండాలి. బిల్లులు వెతుక్కునే మీకు బొమ్మలతో పనేముంది? తీసేద్దాం.

పాత బిల్లులకు సంవత్సరమే రావడం మీ లాప్‌టాప్ లోపం కాదు. దాదాపు ఆరు నెలలు దాటిన ఫైలుకు ఎల్‌ఎస్ గంట, నిమిషం తీసేసి అక్కడ సంవత్సరం వేస్తుంది. సంక్రాంతి ముందు దింపిన కాయల బిల్లు శ్రావణ మాసంలో వెతికితే జరిగేది అదే. ఇక 4096 అంటే ఫోల్డరు తన లోపలి పేర్ల పట్టిక కోసం తీసుకున్న జాగా, బైట్లలో. లోపలున్న బిల్లుల సైజు అందులో కలవదు.

ఎల్‌ఎస్‌డీలో నాకు నచ్చేది, మనకు కావలసిన నిలువు వరసలు ఒక్కసారి రాసిపెడితే అదే పాటిస్తుంది. మీ హోమ్ ఫోల్డరులో చుక్కతో మొదలయ్యే ‘కాన్ఫిగ్’ ఫోల్డరు ఉంటుంది. దాని లోపల ఎల్‌ఎస్‌డీ పేరుతో ఒక ఫోల్డరు, అందులో ‘కాన్ఫిగ్ డాట్ యామ్‌ల్’ అనే ఫైలు పెట్టండి. పేర్లూ సెట్టింగులూ అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. ‘బ్లాక్స్’ కింద డేట్, సైజ్, నేమ్ అని ఒక్కో లైనులో ముందు హైఫన్ పెట్టి రాయండి. మీరు రాసిన క్రమంలోనే వరసలు వస్తాయి. ‘ఐకాన్స్’ కింద ‘వెన్’కు ‘నెవర్’ అని ఇస్తే గళ్లు పోతాయి. ‘సార్టింగ్’ కింద ‘కాలమ్’కు ‘టైమ్’ ఇస్తే కొత్త బిల్లు పైకొస్తుంది. ‘డేట్’కు ప్లస్ గుర్తుతో మొదలుపెట్టి మనకు అలవాటైన రోజు, నెల, సంవత్సరం క్రమం ఇచ్చుకోవచ్చు, పాత బిల్లుకైనా కొత్త బిల్లుకైనా అదే తీరు. లోపలి లైన్లు జరపడానికి స్పేసులే వాడండి. ట్యాబ్ కొడితే యామ్‌ల్, అంటే ఆ ఫైలు రాసే పద్ధతి, ఒప్పుకోదు. ఇదంతా అయ్యాక ‘ఎల్‌ఎస్‌డీ హైఫన్ ఎల్’ కొట్టండి, అడిగిన మూడు వరసలూ వస్తాయి.

ఒక రైతు ఫోల్డరులో మొత్తం ఎంత ఉందో కావాలంటే అదే ఫైలులో ‘టోటల్ సైజ్’కు ‘ట్రూ’ ఇవ్వొచ్చు. కానీ అప్పుడు ప్రతి ఫోల్డరూ లోపలిదాకా లెక్కపెట్టాలి కాబట్టి, బిల్లులు పెరిగేకొద్దీ జవాబు ఆలస్యమవుతుంది. మీకైతే అది అవసరమైనప్పుడు కమాండులో ఇచ్చుకోవడమే మేలంటాను.

మీరు అడగలేదు గానీ, లెక్కలు రాసేవారు కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. ఆ వరసలో కనిపించేది బిల్లు తేదీ కాదండి. ఫైలులోని విషయం చివరిసారి మారిన తేదీ. నిరుటి బిల్లుని ఇవాళ స్కాన్ చేస్తే ఇవాళ్టి తేదీయే పడుతుంది. పెన్‌డ్రైవు నుంచి మామూలు ‘సీపీ’ కమాండుతో కాపీ చేసినా అంతే, అన్నిటికీ కాపీ చేసిన వేళే పడుతుంది. ‘సీపీ హైఫన్ పీ’ అని కొడితే పాత తేదీ నిలుస్తుంది. రైతు వచ్చి ఫలానా దింపు డబ్బులు ముట్టలేదని అంటే, ఈ వరస చూసి జవాబు చెప్పకండి. బిల్లు మీది తేదీని ఫైలు పేరులోనే పెట్టండి. ముందు సంవత్సరం, తర్వాత రెండంకెల నెల, రోజు: 2024-07-15 అని, ఆ పక్కన లారీ నంబరు. అలా పెడితే ఏ సెట్టింగూ లేని ఉత్త ఎల్‌ఎస్ కొట్టినా బిల్లులు తేదీల క్రమంలోనే నిలబడతాయి.