ఆడమ్స్ పుస్తకాలు సరే, ఉత్తరాలు చదివావా?

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. జాన్ ఆడమ్స్ మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ చేతిలో పెట్టుకుని. తేదీల్లో ఎక్కడా పొరపాటు లేదు. 1735లో మసాచుసెట్స్‌లోని బ్రెయిన్‌ట్రీలో రైతు ఇంట పుట్టడం, హార్వర్డ్ చదువు, వకీలు వృత్తి, స్వాతంత్ర్య పోరాటం, ఫ్రాన్స్, హాలండ్, ఇంగ్లండ్‌లలో రాయబారం, వాషింగ్టన్ దగ్గర 8 ఏళ్ల ఉపాధ్యక్ష పదవి, 1797 నుంచి 1801 దాకా అమెరికా రెండో అధ్యక్షుడిగా పాలన, అన్నీ వరసగా ఉన్నాయి. ఇన్ని ఉండీ ఆ మనిషి మాత్రం లేడు. 12 పేజీల్లో ఒక్కచోట కూడా ఆయన గొంతు నాకు వినిపించలేదు.

అదే కవరులో నువ్వు నాకు విడిగా ఒక చీటీ పెట్టావు. "అక్కయ్యా, ఈయన భార్యకు రాసిన ఉత్తరాలు నాలుగు చదివాను. అంత పెద్ద బాధ్యతల్లో ఉన్న మనిషి ఇంటి నుంచి ఉత్తరం రాకపోతే అంత గిలగిలలాడడం ఏమిటి? వ్యాసంలో ఇది పెట్టవచ్చో లేదో తెలియక వదిలేశాను" అని రాశావు. తమ్ముడూ, అసలు వ్యాసం ఆ చీటీలో ఉంది. లోకానికి రాస్తున్నాననుకోగానే నీ వాక్యం బిగుసుకుపోయింది. నాకు రాసేటప్పుడు మాట్లాడింది. విచిత్రం ఏమిటంటే, ఆడమ్స్‌ను జీవితమంతా పట్టి పీడించిన ఇబ్బంది కూడా ఇదే. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగవుతుంది, ఓపికగా చదువు.

నువ్వు గొప్పగా మెచ్చుకున్న ఆయన గ్రంథం ఉంది కదా, అమెరికా రాజ్యాంగాలను సమర్థిస్తూ లండన్‌లో రాయబారిగా ఉండగా 1787లో మొదలుపెట్టి మూడు సంపుటాలుగా తెచ్చినది. దాన్ని నేను పూర్తిగా చదివాను. ఆలోచన పెద్దదే: అధికారం మొత్తం ఒకే సభ చేతిలో పెడితే అది ఎంత మంచివాళ్ల సభ అయినా చెడిపోతుంది, కాబట్టి రెండు సభలు, వేరే కార్యనిర్వాహకుడు, స్వతంత్ర న్యాయస్థానం ఉండాలి. కానీ ఆ ఆలోచన చుట్టూ ఇటలీ నగర రాజ్యాల చరిత్రలు పేజీలకు పేజీలు, ఇతరుల పుస్తకాల నుంచి ఎత్తి రాసినవి, గుట్టలుగా పడి ఉన్నాయి. ఎవరికోసం రాస్తున్నాడో ఆయనకే తెలియలేదు.

అంతకు 11 ఏళ్ల ముందు అదే ఆలోచనను ఆయన ఎలా చెప్పాడో చూడు. 1776 తొలి నెలల్లో, కొత్త ప్రభుత్వాలు ఎలా కట్టుకోవాలో చెప్పమని నార్త్ కరొలైనా ప్రతినిధులు అడిగారు. వాళ్లకు ఉత్తరం రాసి ఇచ్చాడు. ఇంకొకరు తమకూ కావాలన్నారు. మళ్లీ రాశాడు. వర్జీనియాకు చెందిన జార్జ్ విత్ కోసం రాసిన ప్రతిని అచ్చువేస్తే, ఒక మిత్రుడికి రాసిన ఉత్తరం రూపంలోనే చిన్న కరపత్రంగా వచ్చింది. పొడి మాటలు లేవు, చుట్టుతిరుగుడు లేదు. ఎదురుగా కూర్చున్న మనిషి అడిగినదానికి జవాబు. అనేక రాష్ట్రాల రాజ్యాంగాల మీద దాని ముద్ర పడింది. ఆ తర్వాత ఆయనే చిత్తుప్రతి రాసిన మసాచుసెట్స్ రాజ్యాంగం 1780 నుంచి ఇప్పటికీ అమల్లో ఉంది.

ఇక భార్య అబిగెయిల్‌కు రాసిన ఉత్తరాలు. వాళ్లిద్దరి మధ్య నడిచినవి 1,100కు పైగా దొరుకుతున్నాయి, మసాచుసెట్స్ చరిత్ర సంఘంలో భద్రంగా ఉన్నాయి. మొదటివి 1762 నాటివి. ఇంకా పెళ్లి కాలేదు, ఆయనకు 26 ఏళ్లు. వకీలు కదా, హుండీ రాసినట్టు రాశాడు: ఈ కాగితం తెచ్చిన మనిషి అడిగినన్ని ముద్దులు, రాత్రి 9 గంటల తర్వాత అడిగినంత సమయం అతనికి ఇచ్చి, ఆ లెక్క నా ఖాతాలో రాసుకోండి అని. కాగితం తెచ్చేది తనే. నీ వ్యాసంలో "1764లో వివాహం చేసుకున్నారు" అని ఒక ముక్క ఉంది చూడు, దాని వెనక ఇంత సందడి ఉంది.

అబిగెయిల్ బడికి వెళ్లలేదు. ఇంట్లో పుస్తకాలు చదివి నేర్చుకుంది. అక్షరదోషాలుంటాయని, చేతిరాత బాగుండదని ఆమెకు సిగ్గు. తన ఉత్తరాలు కాల్చేయమని ఆయనకు రాసేది. 1776 ఏప్రిల్‌లో ఆయన జవాబు: "నీ ఉత్తరాలు కాల్చమంటున్నావు. అంతకన్నా ముందు నేను నిన్ను మరిచిపోవాలి." ఆ జూన్‌లోనే దుకాణానికి వెళ్లి పెద్ద ఖాళీ పుస్తకం ఒకటి కొన్నాడు, ఇక నుంచి తను పంపే ప్రతి ఉత్తరానికీ నకలు దించుకోవడానికి. ఆ పుస్తకం మొదటి పేజీలోనే ఆ సంగతి ఆమెకు రాశాడు. ఫిలడెల్ఫియాలో పగలంతా సభలు, సంఘాలు, యుద్ధం లెక్కలు. రాత్రి దీపం దగ్గర కూర్చుని ఇంటికి ఉత్తరం, దాని నకలు. ఆ నకలు పుస్తకం కొన్న రోజు ఆయన జీవితంలో చిన్న రోజు కాదు. నీ వ్యాసంలో దానికి చోటు ఇవ్వు.

జూలై 3 నాటి ఉత్తరం నీకు తెలిసే ఉంటుంది. ముందురోజు కాంగ్రెస్, అంటే వలసల ప్రతినిధుల సభ, స్వాతంత్ర్యానికి ఓటు వేసింది. 1776 జూలై 2 అమెరికా చరిత్రలో చిరస్మరణీయమైన రోజు అవుతుందనీ, ఊరేగింపులతో, ఆటలతో, తుపాకుల మోతతో, గంటలతో, మంటలతో, దీపాలతో తరతరాలు పండుగ చేసుకుంటాయనీ భార్యకు రాశాడు. పండుగ ఆయన చెప్పినట్టే వచ్చింది. తేదీ మాత్రం రెండు రోజులు తప్పింది, స్వాతంత్ర్య ప్రకటన ఆమోదం పొందిన 4వ తేదీ నిలిచింది. నువ్వు ఈ ఉత్తరాన్ని ఉదహరిస్తూ తేదీ సంగతి వదిలేశావు, ఆయన గౌరవం తగ్గుతుందనుకున్నావేమో. తగ్గదు. ఓటు పడిన మర్నాడే, వేడి చల్లారకముందే రాస్తున్న మనిషి ఆ తప్పులోనే కనిపిస్తాడు.

అదే ఏడాది మార్చిలో అబిగెయిల్ రాసిన ఉత్తరం పక్కన పెట్టి చదువు. కొత్త చట్టాలు రాసేటప్పుడు ఆడవాళ్లను గుర్తుపెట్టుకోండి, భర్తల చేతుల్లో అంతులేని అధికారం పెట్టకండి, అవకాశం దొరికితే మగవాళ్లందరూ నిరంకుశులే అవుతారు అని రాసింది. ఆయన నవ్వొస్తోందని జవాబిచ్చాడు. ఆ నవ్వును దాచకు. సమానత్వం గురించి అంత ఆలోచించిన మనిషికి, తను ప్రాణంగా చూసుకునే మనిషి అడిగిన న్యాయమైన మాట వినబడలేదు. ఈ రెండు ఉత్తరాలను పక్కపక్కన పెట్టు, మధ్యలో నీ వ్యాఖ్యానం వద్దు. తెలుగు పాఠకురాలు తన ఇల్లు అందులో తనే చూసుకుంటుంది.

ఒక చిన్న సంగతి దగ్గరగా చూపిస్తాను. 1780 మే నెలలో పారిస్ నుంచి రాసిన ఉత్తరం. అక్కడి చిత్రాలు, శిల్పాలు, తోటలు చూశాడు, వాటి గురించి రాయాలని ఉంది, కానీ తన పని అది కాదు. నేను రాజకీయం, యుద్ధం నేర్చుకోవాలి, నా కొడుకులకు గణితం, తత్త్వం చదివే వీలు ఉండాలని; వాళ్లు అవి, ఇంకా భూగోళం, నౌకానిర్మాణం, వ్యాపారం, వ్యవసాయం చదవాలి, వాళ్ల పిల్లలకు చిత్రలేఖనం, కవిత్వం, సంగీతం చదివే హక్కు ఉండాలని. ఈ మాట ప్రపంచమంతా ఉదహరిస్తుంది. చేతిరాత ప్రతి చూస్తే, మొదట కొడుకుల దగ్గరే "చిత్రలేఖనం, కవిత్వం" అని రాసేశాడు. వెంటనే కొట్టేసి "గణితం, తత్త్వం" పెట్టాడు. ఆ కొట్టివేత దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కొడుకులకు కవిత్వం ఇచ్చేద్దామని చెయ్యి తొందరపడింది. ఇంకా దేశం నిలబడలేదు, ఒక తరం ఆగాలి అని మనసు వెనక్కి లాగింది. సాపు రాసిన వాక్యంలో మనకు ఒక సూక్తి దొరుకుతుంది. కొట్టివేతలో ఒక తండ్రి దొరుకుతాడు. నువ్వు ఎవరి గురించి రాసినా చిత్తుప్రతి చూడకుండా రాయకు.

ఇవన్నీ చదవడానికి నువ్వు బోస్టన్ వెళ్లనక్కరలేదు. అమెరికా జాతీయ అభిలేఖాగారం వాళ్లు ఆయన ఉత్తరాలు, డైరీ ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు, చరిత్ర సంఘం వాళ్లు చేతిరాత బొమ్మలు కూడా పెట్టారు. డైరీ 1756 నుంచి చదువు. 20 ఏళ్ల బడిపంతులుగా వూస్టర్‌లో ఉన్నప్పుడు, ఇకమీద సూర్యుడితో పాటు లేచి చదువుకుంటానని ఒట్టు పెట్టుకున్నాడు. మర్నాడు 7 దాకా నిద్రపోయానని నిజాయితీగా రాసుకున్నాడు. ఆ వయసు నీదే కదా, ఆయనతో స్నేహం అక్కడ మొదలవుతుంది.

అనువాదంలో ఒక జాగ్రత్త. భార్యను ఆయన ఎక్కువగా పిలిచిన పిలుపును నువ్వు "గౌరవనీయురాలైన మిత్రమా" చేశావు. ఆ పిలుపులో గౌరవం కన్నా దగ్గరితనం ఎక్కువ. "నా ప్రాణస్నేహితురాలా" అను, ఇంకా మంచి మాట దొరికితే ఇంకా మంచిది. మన ఇళ్లలో ఒకప్పుడు "ఉభయకుశలోపరి" అని మొదలుపెట్టి, నాలుగో వాక్యానికి అసలు బెంగలోకి దిగేవారు. ఆడమ్స్ ఉత్తరాల్లో ఆ దిగడం ఎక్కడ జరుగుతుందో చూడు, అక్కడి నుంచి తెలుగు దానంతటదే వస్తుంది.

ఎదురుగా మనిషి లేకపోతే ఆయనకు కలం నడిచేది కాదని చెప్పాను. పుస్తకాలు చదివేటప్పుడు కూడా అంతే. ఫ్రెంచి విప్లవం మీద ఇంగ్లీషు రచయిత్రి మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ రాసిన పుస్తకం అంచుల్లో ఆమెతో వాదిస్తూ 10,000కు పైగా మాటలు రాశాడు. ఆత్మకథ మొదలుపెట్టి, పూర్తిచేయకుండా వదిలేశాడు. అందులో చాలా భాగం పాత కోపాల సంజాయిషీ. కానీ ఒక చోట కాంగ్రెస్‌లో తోటి ప్రతినిధి బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఎదురుపడతాడు. 1776 సెప్టెంబరు, బ్రిటిష్ సేనానితో మాట్లాడడానికి వెళ్తూ న్యూ బ్రన్స్‌విక్‌లో సత్రం కిక్కిరిసి ఉంటే ఇద్దరికీ ఒకే మంచం దొరికింది, చిన్న గది, ఒకటే కిటికీ. రాత్రిగాలి పడదని ఆడమ్స్ కిటికీ మూశాడు. మూయవద్దు, ఊపిరాడక చస్తాం అన్నాడు ఫ్రాంక్లిన్. తెరిచి వచ్చి పడుకో, జలుబు గురించి నా సిద్ధాంతం చెబుతాను అన్నాడు. ఆ సిద్ధాంతం వింటూ ఆడమ్స్ నిద్రలోకి జారుకున్నాడు. ఒక మనిషి వచ్చేసరికి పేజీకి ప్రాణం వచ్చింది.

నీ వ్యాసంలో నన్ను బాధపెట్టినది మరొకటి ఉంది. ప్రభుత్వాన్ని దూషిస్తూ రాసినవాళ్లను శిక్షించే 1798 నాటి రాజద్రోహ చట్టాన్ని "అప్పటి పరిస్థితుల్లో తప్పనిసరి" అని ఒక్క ముక్కలో దాటేశావు. ఫ్రాన్స్‌తో యుద్ధభయం నిజమే. ఆ చట్టం ఆయన కోరి తెచ్చింది కాదన్నదీ నిజమే. కానీ సంతకం ఆయనది. వెర్మాంట్ ప్రతినిధి మాథ్యూ లయన్ ఒక పత్రికకు రాసిన ఉత్తరంలో అధ్యక్షుడికి ఆడంబరం మీద దాహం ఎక్కువని విమర్శించాడు. 4 నెలల జైలు, 1,000 డాలర్ల జుర్మానా. జైల్లో ఉండగానే జనం ఆయన్ను మళ్లీ ఎన్నుకున్నారు. ఉత్తరాల్లో ఎవరి గురించైనా నిర్మొహమాటంగా రాసిన మనిషి, ఇంకొకడు ఉత్తరం రాసినందుకు జైలుపాలైతే ఊరుకున్నాడు. మనం రాసేవాళ్లం, ఇది మనం దాటవేయకూడని చోటు. 1770లో బోస్టన్ కాల్పుల తర్వాత జనం ద్వేషిస్తున్న బ్రిటిష్ సైనికుల తరఫున వాదించిన ధైర్యం ఎంత వివరంగా రాశావో, ఇదీ అంత వివరంగా రాయి.

జెఫర్సన్ సంగతి బాగా రాశావు, కానీ తొందరపడ్డావు. 1800 అధ్యక్ష ఎన్నికల్లో జెఫర్సన్ చేతిలో ఓడి, ఆ పాత మిత్రుడి ప్రమాణ స్వీకారం రోజున తెల్లవారుజామునే ఊరు విడిచి వెళ్లిపోయిన మనిషి, 11 ఏళ్ల మౌనం తర్వాత 1812 జనవరి 1న ఉత్తరం రాశాడు. ఇంటినేత బట్ట రెండు ముక్కలు పంపుతున్నానని అందులో ఉంది. నిజానికి అవి కొడుకు జాన్ క్విన్సీ ఉపన్యాసాల పుస్తకం రెండు సంపుటాలు. పొట్లం వెనకబడింది, ఉత్తరం ముందు చేరింది. జెఫర్సన్ నిజంగానే బట్ట అనుకుని, వర్జీనియాలో ఇంటింటా జరిగే నేత గురించి తీరిగ్గా జవాబు రాశాడు. పదేళ్ల పగ అలా నూలు కబుర్లతో కరిగింది. "ఒకరినొకరు అర్థం చేయించుకోకుండా మనం చనిపోకూడదు" అని మరుసటి ఏడాది ఆడమ్స్ రాశాడు. ఆ 14 ఏళ్లలో నడిచిన ఉత్తరాల్లో మూడింట రెండొంతులు ఆయనవే. 1818లో అబిగెయిల్ పోయినప్పుడు, యౌవనంలోనే భార్యను పోగొట్టుకున్న జెఫర్సన్, ఇలాంటి బాధకు కాలం, మౌనం తప్ప మందు లేదని రాశాడు.

చివరి ఏళ్లలో ఆడమ్స్ చేతులు వణికేవి, చూపు ఆనేది కాదు, చెబుతుంటే ఇంట్లోవాళ్లు రాసేవారు. 1826 ఏప్రిల్‌లో జెఫర్సన్ మనవడు చూడడానికి వచ్చాడు. వర్జీనియావాళ్లంతా ఇంత పొడుగ్గా ఎలా ఉంటారయ్యా, అతని పక్కన మేం మరుగుజ్జుల్లా ఉన్నాం అని 90 ఏళ్ల వయసులో తాతకు రాయించాడు. ఇద్దరికీ అదే ఆఖరి కబురు. జూలై 4న ఇద్దరూ ఒకే రోజు పోయారు. నువ్వు ఆ కాకతాళీయం మీద ఒక పేజీ ఖర్చుపెట్టావు. దాన్ని రెండు వాక్యాలు చేసి, మిగిలిన చోటు ఈ ఏప్రిల్ ఉత్తరానికి ఇవ్వు.

వ్యాసం మళ్లీ రాయి. పైన నా పేరు పెట్టి, నాకు రాసే ఉత్తరంగానే మొదలుపెట్టు. పూర్తయ్యాక పేరు తీసేయవచ్చు. పాత 12 పేజీలూ, కొట్టివేతలతో సహా, దాచి ఉంచు. కొత్తదానితో పాటు అవీ పంపించు, రెండూ పక్కన పెట్టుకుని చదువుతాను.

ప్రేమతో,
నీ అక్కయ్య