ఆల్ వీల్ డ్రైవ్ కారుకి టైర్ రొటేషన్ అవసరమా? ఒక టైరు పోతే ఒక్కటే వేయించుకోవచ్చా?

మీరు అడిగినవి రెండు సంగతులు (రొటేషన్ అంటే కొన్ని వేల కిలోమీటర్లకోసారి టైర్ల చోట్లు ముందుకీ వెనక్కీ మార్చడం). భీమవరం వైపు రొయ్యల చెరువుల మీదకి తిరగడానికి ఆల్ వీల్ డ్రైవ్ కారు తీసుకున్నారు. టైర్ల షాపులో "నాలుగు చక్రాలూ లాగుతాయి కదండీ, నాలుగూ సమానంగానే అరుగుతాయి, రొటేషన్ దండగ" అన్నారు. ఇరవై వేల కిలోమీటర్లు తిరిగాక ఇప్పుడు ఒక టైరు పక్కన కోసుకుపోయింది, ఆ ఒక్కటీ కొత్తది వేస్తే చాలంటున్నారు. మొదటి మాట తప్పు. రెండోది మిగతా మూడూ కొలిచాక గానీ చెప్పలేం.

నాది అమలాపురం దగ్గర. లంక పొలానికి వెళ్ళే దారి వానాకాలంలో ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు, ఆ ఒండ్రుమట్టి కోసమే డస్టర్ ఆల్ వీల్ డ్రైవ్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అందుకని ఈ టైర్ల గొడవ కాస్త దగ్గర నుంచి తెలుసు.

"నాలుగూ లాగుతాయి" అన్నది మన దగ్గర తిరిగే చాలా బళ్ళ విషయంలో సగం నిజం. డస్టర్, గ్రాండ్ విటారా, హైరైడర్ లాంటివి మామూలు రోడ్డు మీద ఎక్కువగా ముందు చక్రాలతోనే నడుస్తాయి. ముందు చక్రం జారుతోందని కంప్యూటర్‌కి అనిపిస్తే, వెనక ఇరుసు దగ్గరున్న కప్లింగ్ (క్లచ్‌లా ప్లేట్లు ఒత్తుకుని బలం అందించే భాగం) బిగుసుకుని వెనక చక్రాలకి కూడా బలం పంపిస్తుంది. ఇంజిన్ బరువు ముందర, స్టీరింగ్ తిప్పేది ముందర, బ్రేకు వేస్తే బండి బరువంతా వాలేది ముందుకే. ఇక నాలుగూ సమానంగా ఎలా అరుగుతాయి? ఎప్పుడూ నాలుగు చక్రాలూ లాగే బళ్ళలో కూడా ముందు, వెనక అరుగుదల ఒకేలా ఉండదు.

ముందు చక్రాలే లాగే మామూలు కారుకి రొటేషన్ ఎందుకంటే టైర్లు ఇంకొంత కాలం వస్తాయని. చేయించకపోతే ముందు రెండూ తొందరగా పోతాయి, అంతే నష్టం. ఆల్ వీల్ డ్రైవ్‌లో అసలు కాపాడుకోవాల్సింది టైర్లని కాదు, ఆ కప్లింగ్‌ని, డిఫరెన్షియల్‌ని (ఒక ఇరుసు మీది రెండు చక్రాలనీ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే పళ్ళచక్రాల పెట్టె). టైరు అరిగితే దాని చుట్టుకొలత తగ్గుతుంది, అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరగాలి. పొట్టి ఎద్దునీ పొడుగు ఎద్దునీ ఒకే కాడికి కడితే ఎలా ఉంటుందో ఇదీ అలాంటిదే.

లెక్క చూడండి. నా బండి సైజు 215/65 ఆర్16. కొత్త టైరు చుట్టుకొలత సుమారు 2,155 మి.మీ. కొత్తదాని గాడి లోతు 8 మి.మీ. అనుకుందాం. అరిగి 3 మి.మీ.కి వచ్చిన టైరుకి వ్యాసార్ధం 5 మి.మీ. తగ్గుతుంది, చుట్టుకొలత 31 మి.మీ. తగ్గుతుంది. ఒకటిన్నర శాతమే కదా అనిపిస్తుంది. కానీ కిలోమీటరుకి కొత్త టైరు 464 చుట్లు తిరిగితే అరిగినది 471 చుట్లు తిరుగుతుంది. రాజమండ్రి నుంచి విజయవాడ దాకా హైవే మీద వెళ్ళేసరికి ఆ తేడా వెయ్యి చుట్లు దాటుతుంది. ముందు రెండూ కొత్తవి, వెనక రెండూ అరిగినవి అయితే, కప్లింగ్ బిగుసుకున్నప్పుడల్లా ఈ తేడా అంతా దాని ప్లేట్ల రాపిడిలోనే తీరాలి. రాపిడి అంటే వేడి. పైగా చక్రాల వేగాల్లో తేడా చూసి, ఏదో జారుతోందని కంప్యూటర్ అక్కర్లేనప్పుడు కూడా కప్లింగ్‌ని బిగించే అవకాశం ఉంది.

నా బండి కొన్నప్పుడు సరిగ్గా ఇదే పరిస్థితి. పాత ఓనర్ అమ్మే ముందు ముచ్చటగా ముందు రెండు కొత్త టైర్లు వేయించాడు, వెనకవి అరిగినవే, కంపెనీ కూడా వేరు. డ్రైవ్ నాబ్ ఆటోలో (అవసరమైతే వెనక చక్రాలూ లాగే సెట్టింగ్) పెట్టి, కాలవ వంతెన ఎక్కి గట్టు మీదకి మెల్లగా తిప్పుతుంటే వెనక నుంచి పట్టి లాగినట్టు కుదుపు, గర్రుమని చప్పుడు. అదే 2డబ్ల్యూడీలో (ముందు రెండు చక్రాలే లాగే సెట్టింగ్) పెడితే ఏమీ లేదు. చూపించిన చోట డిఫరెన్షియల్ దించాలన్నారు. నేను దానికి ఒప్పుకోకుండా మొదట నాలుగూ ఒకే రకం టైర్లు వేయించి, వెనక డిఫరెన్షియల్ ఆయిల్ మార్పించాను. కుదుపు పోయింది. అందరికీ ఇంత తేలిగ్గా తేలుతుందని కాదు, చాలా కాలం అలాగే తిప్పిన బండికి కప్లింగే పోయి ఉండొచ్చు. కానీ పెద్ద ఖర్చుకి ఒప్పుకునే ముందు టైర్లు కొలవండి.

కొలవడానికి ట్రెడ్ డెప్త్ గేజ్ అని చిన్న పరికరం ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతుంది. ఒక్కో టైరుకి లోపల అంచు, మధ్య, బయట అంచు, మూడు చోట్లా చూసి రాసుకోండి. ఎంత తేడా దాకా ఫర్వాలేదన్నదాని మీద కంపెనీలు ఒకే మాట మీద లేవు. సుబారు వాళ్ళు చుట్టుకొలతలో పావు అంగుళం మించొద్దంటారు, అంటే గాడి లోతులో సుమారు 1 మి.మీ. టైర్ల వాళ్ళు మామూలుగా 1.6 నుంచి 2.4 మి.మీ. దాకా ఒప్పుకుంటారు. మీ బండి మాన్యువల్‌లో ఏముంటే అదే ఫైనల్. నేనైతే 1.5 దాటనివ్వను.

ఇక మీ కోసుకుపోయిన టైరు. ఒక ఇరుసుకి ఒకటే కొత్తది వేస్తే, ఆ ఇరుసు వేగం రెండు చక్రాల సగటు కాబట్టి కప్లింగ్‌కి తెలిసే తేడా సగమే. కానీ ఆ ఇరుసు డిఫరెన్షియల్ లోపలి చిన్న పళ్ళచక్రాలు, మామూలుగా మలుపుల్లో మాత్రమే తిరగాల్సినవి, తిన్నటి రోడ్డు మీద కూడా ఊరుకోకుండా తిరుగుతుంటాయి. అందుకని మిగతా మూడూ 7 మి.మీ. దగ్గర ఉంటే అదే కంపెనీ, అదే మోడల్ ఒక్కటి వేసుకుని నిశ్చింతగా ఉండండి. ఇరవై వేలు తిరిగాయి కాబట్టి 5 దగ్గర ఉండొచ్చు, అప్పుడు ఒక్కటి వేయొద్దు. అదే మోడల్‌లో దాదాపు అంతే అరిగిన పాత టైరు మంచిది దొరుకుతుందేమో చూడండి. దాని మీద నాలుగంకెల తేదీ ఉంటుంది, 2322 అంటే 2022లో 23వ వారం. లోపలి వైపు ప్యాచ్‌లు, ఉబ్బులు లేకుండా చూసుకోవాలి. దొరక్కపోతే నాలుగూ మార్చడమే, నొప్పిగా ఉన్నా. ఉన్నవాటిలో బాగున్నది స్టెప్నీకి పనికొస్తుంది.

స్టెప్నీ అంటే గుర్తొచ్చింది. మీ స్టెప్నీ మిగతా నాలుగింటి సైజే, అదే మోడలే అయితే మొదటి నుంచీ దాన్ని కూడా రొటేషన్‌లో కలుపుకోవాలి. అప్పుడు ఐదూ కలిసి అరుగుతాయి, ఇలాంటి రోజున చేతికి అందేది సరిజోడు టైరే అవుతుంది. సన్నటి తాత్కాలిక స్టెప్నీ అయితే దాన్ని రొటేషన్‌లో కలపొద్దు. అది వేసుకుని నడపాల్సి వస్తే 2డబ్ల్యూడీ మోడ్ ఉంటే అందులో పెట్టుకుని, మెల్లగా పంక్చర్ షాపు దాకా మాత్రమే.

రొటేషన్ పద్ధతి సులువే. వెనకవి రెండూ ఏ వైపుది ఆ వైపే తిన్నగా ముందుకి, ముందువి రెండూ వైపు మార్చి వెనక్కి. టైరు పక్కన బాణం గుర్తు ఉంటే మాత్రం వైపు మార్చకూడదు, అదే వైపు ముందూ వెనకా మార్చాలి. బాణం లేని టైర్లకి కూడా కొందరు ముందూ వెనకా మాత్రమే మార్చి ఊరుకుంటారు. మన డెల్టా రోడ్లకి అది చాలదని నా అభిప్రాయం. కాలవ గట్టు రోడ్లు సన్నం, ఎదురుగా బస్సో ధాన్యం ట్రాక్టరో వస్తే ఎడమ చక్రాలు తారు దిగి మార్జిన్లో పడాల్సిందే. దమ్ము చేసిన ట్రాక్టర్లు ఇనుప చక్రాలతోనే రోడ్డెక్కి తారు అంచుల్ని ఎక్కడికక్కడ కోసేస్తాయి, ఆ అంచు మీదికి మళ్ళీ ఎక్కేటప్పుడు ఎడమ టైర్ల భుజం గీసుకుంటుంది. నా బండికి ఎప్పుడు కొలిచినా ఎడమ ముందు టైరు బయటి అంచు దగ్గరే తక్కువ వస్తుంది. మీది కూడా ఎడమ వైపుదే కోసుకుపోయిందని పందెం కాస్తాను.

ఎన్ని కిలోమీటర్లకి అంటే, 8,000 లోపల. సర్వీసు 10,000కి వస్తుంది కదా అప్పుడే చేయిద్దాం అని నేను ఆగను. ఒకే టైరుకి లోపల అంచుకీ బయట అంచుకీ బాగా తేడా కనిపిస్తే ముందు అలైన్‌మెంట్ (చక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో) చూపించండి, నాలుగు చక్రాలకీ. అది సరి చేయకుండా టైర్లు అటూ ఇటూ మారిస్తే నాలుగూ అదే తీరున పాడవుతాయి.

ఇంట్లోనే చేసుకుందామంటే మన దొడ్లో మట్టి మెత్తన, జాకీ దిగబడుతుంది. సిమెంటు గచ్చు మీద, జాకీ స్టాండ్లు పెట్టుకుని చేయాలి. రెండు చక్రాలు గాల్లో ఉండగా ఇంజిన్ స్టార్ట్ చేసి గేర్ వేయడం ఆల్ వీల్ డ్రైవ్‌లో అస్సలు వద్దు, నేల మీదున్న చక్రాలకి బలం వెళ్ళి బండి స్టాండ్ల మీద నుంచి దూకుతుంది. షాపులో చేయిస్తే ఎయిర్ గన్‌తో నట్లు తెగ బిగించేస్తారు, రేపు చెరువు గట్టు మీద పంక్చరైతే మీ దగ్గరున్న స్పానర్‌కి అవి ఊడవు. చివరి బిగింపు టార్క్ రెంచ్‌తో (ఎంత బిగించాలో కొలిచి బిగించే స్పానర్) వేయమనండి. "ఆయ్, అలాగేనండి" అని మళ్ళీ గన్నే తీస్తారు, పక్కనే నిలబడాలి. ఒక 100 కిలోమీటర్లు తిరిగాక నట్లు మరోసారి చూసుకోండి.

ముందు వెనక గాలి వేరైతే కొత్త స్థానానికి తగ్గట్టు మార్చండి. డాష్‌బోర్డు మీద టైరు గాలి చూపించే బండి అయితే ఏ టైరు ఎక్కడుందో దానికి మళ్ళీ నేర్పాల్సి రావచ్చు, ఆ పద్ధతి మాన్యువల్‌లో ఉంటుంది.

రొటేషన్ అయిన రోజు ముందు నుంచి హోరు వినిపిస్తే టెన్షన్ పడకండి. వెనక ఉన్నంత కాలం టైరు గళ్ళు ఒకవైపుకి వాలి అరుగుతాయి, ముందుకి రాగానే ఆ చప్పుడు మీ చెవి దగ్గరికి వస్తుంది. మామూలుగా కొన్ని వందల కిలోమీటర్లలో తగ్గుతుంది. తగ్గకుండా, స్టీరింగ్ ఒకవైపు తిప్పినప్పుడు పెరిగి రెండో వైపు తిప్పితే పోతుంటే మాత్రం అది బేరింగ్, చూపించండి.