నాయకుల్ని జైల్లో వేశారంటే సరే, వాళ్ల ఇంటికి సరుకులు పంపినవాళ్ల మీద కేసులెందుకు?

ప్రశ్న పూర్తిగా ఇది: బెలారస్‌లో 2020 ఎన్నికల తర్వాత ప్రతిపక్ష నాయకుల్ని జైల్లో పెట్టారు, అది అర్థమవుతుంది, కానీ ఖైదీల కుటుంబాలకు బియ్యం పప్పులు పంపినవాళ్లనీ, వాటిని తీసుకున్నవాళ్లనీ ఎందుకు వేధిస్తున్నారు? ఇలాంటిది మన దగ్గర జరుగుతుందా?

జరిగింది. 1975లో తిరుపతిలో మా ఇంటికే జరిగింది, అందుకే రాస్తున్నాను.

బెలారస్ సంగతి ముందు చెప్తాను. రష్యా పక్కనున్న ఆ దేశానికి లుకషెంకో 1994 నుంచి అధ్యక్షుడు. 2020 ఆగస్టు 9న ఎన్నిక జరిగితే ఆయనకు 80 శాతం, ప్రతిపక్షం నుంచి నిలబడిన స్వెత్లానా తిఖనోవ్‌స్కయాకు 10 శాతం వచ్చాయని ప్రకటించారు. జనం నమ్మలేదు, రోడ్ల మీదికొచ్చారు, మొదటి నాలుగైదు రోజుల్లోనే ఆరు వేల మందికి పైగా లోపలేశారు. అసలు అరెస్టులు ఓట్లకంటే ముందే మొదలయ్యాయి. స్వెత్లానా భర్త సెర్గేయ్ యూట్యూబ్‌లో వీడియోలు చేసేవాడు, పోటీ చేస్తానన్నాడు, మే నెలలోనే పట్టుకెళ్లారు, అందుకే ఆయన బదులు ఆమె నిలబడింది. పోటీకి దిగిన ఇంకొకాయన, ఒక బ్యాంకు నడిపిన విక్టర్ బబరికోని జూన్‌లో పట్టుకెళ్లారు. బబరికో ప్రచారం నడిపిన మరియా కొలెస్నికోవాని సరిహద్దు దాటించి ఉక్రెయిన్‌లోకి పంపేయబోతే పాస్‌పోర్టు చించేసి నేను పోనంది, ఆమెకు 11 ఏళ్లు వేశారు. సెర్గేయ్‌కి 18 ఏళ్లు, బబరికోకి 14.

మీ ప్రశ్నకు అసలు జవాబు మాత్రం అలెస్ బియాలియాత్‌స్కీ కేసులో ఉంది. ఈయన ఎన్నికల్లో నిలబడలేదు. వియాస్నా అని మానవ హక్కుల సంస్థ పెట్టినాయన. అరెస్టయినవాళ్ల జరిమానాలు కట్టడం, లాయర్ని పెట్టడం, ఎవరెక్కడున్నారో పేర్లు రాసిపెట్టడం ఆ సంస్థ పని. 2022లో జైల్లో ఉండగానే ఆయనకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది, 2023 మార్చిలో 10 ఏళ్ల శిక్ష పడింది. మోపిన నేరాలేమిటంటే డబ్బు దొంగతనంగా దేశంలోకి తెచ్చారని, దాంతో ఆందోళనలకు సాయం చేశారని. ఆ తర్వాత 2024 జనవరిలో ఖైదీల కుటుంబాలకు ఇంటి సరుకులు పంపే ఒక ఏర్పాటును తీవ్రవాదం కింద కట్టి, దేశమంతా ఖైదీల బంధువుల ఇళ్లల్లో, విడుదలై వచ్చినవాళ్ల ఇళ్లల్లో అక్కడి రహస్య పోలీసు సంస్థ కేజీబీ సోదాలు చేసింది. 

ఆ వార్త చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు, కోపం వచ్చింది.

మా నాయన గాంధీ రోడ్డులో ఒక బట్టల కొట్టులో లెక్కలు రాసేవాడు. లోహియా సోషలిస్టు. మన దగ్గరా గొడవ మొదలైంది ఒక ఎన్నిక మీదే, ఇప్పటి పిల్లలకు ఇది తెలియదు: 1971లో రాయ్‌బరేలీలో ఇందిరాగాంధీ గెలుపు చెల్లదని రాజ్ నారాయణ్ వేసిన కేసులో అలహాబాద్ హైకోర్టు 1975 జూన్ 12న చెల్లదనే తీర్పిచ్చింది, జూన్ 25 రాత్రికి ఎమర్జెన్సీ వచ్చింది. జేపీ, మొరార్జీ, వాజ్‌పేయి లాంటి పెద్దవాళ్ల అరెస్టులు అందరికీ గుర్తున్నాయి. కానీ ఎమర్జెన్సీ మీద తర్వాత విచారణ చేసిన షా కమిషన్ లెక్క ప్రకారం మీసా (విచారణ లేకుండా నిర్బంధించే చట్టం) కింద దాదాపు 35 వేల మందిని, డీఐఆర్ (దేశ రక్షణ నిబంధనలు) కింద ఇంకా 75 వేల మందికి పైగా పట్టుకున్నారు. అంతమంది నాయకులు ఏ దేశంలోనూ ఉండరు. ఎక్కువమంది మా నాయన లాంటివాళ్లే.

రాత్రి వచ్చారు. కొట్టలేదు, అరవలేదు, "అయ్యగారు ఒకసారి రమ్మంటున్నారు, చొక్కా వేసుకో" అన్నారు. నాకప్పుడు పదకొండేళ్లు. కారణం చెప్పనక్కర్లేదని అప్పటికే చట్టం మార్చేశారు కాబట్టి అమ్మ ఎవరినడిగినా ఒకటే మాట, మాకు తెలీదు. చంద్రగిరి, పాకాల మీదుగా బస్సులో చిత్తూరు పోయి ఆఫీసుల ముందు పొద్దంతా నిలబడి వచ్చేది. హైదరాబాదులో ఒక జైల్లో ఉన్నాడని ఎన్నో రోజులకు గానీ తెలియలేదు. కొట్టు యజమాని జీతం ఆపేశాడు. ఆయన చెడ్డవాడు కాదు, లెక్కలు తనిఖీ చేయడానికి వస్తారేమోనని భయం.

అప్పుడు మాకు అన్నం పెట్టింది పార్టీ వాళ్లు కాదు, వాళ్లూ లోపలే ఉన్నారు. అదే కొట్లో మూటలు మోసే ఒకాయన, కొర్లగుంటలో ఉండేవాడు, రాజకీయాల జోలికి పోని మనిషి, ఒక రాత్రి సైకిలు మా వీధి మొదట్లోనే పెట్టి బియ్యం మూట భుజాన వేసుకుని వచ్చాడు. బియ్యంలోనే పిల్లలకని చెనక్కాయలు కూడా పోసి తెచ్చాడు. నాలుగు రోజులు తిరక్కుండానే ఆయన్ని స్టేషన్‌కి పిలిపించి వరండాలో చీకటి పడేదాకా కూర్చోబెట్టి "వాళ్లింటికి నీకేం పని, డబ్బెవరిచ్చారు" అని అడిగారు. ఆ తర్వాత ఆయన రాలేదు, వాళ్లావిడ వచ్చింది. గంపలో అడుగున బియ్యం పోసి, పైన తడిగుడ్డ పరిచి, దాని మీద తోటకూర కట్టలు పేర్చి, "ఆకుకూరలమ్మో" అని అరుచుకుంటూ వచ్చేది, అమ్మ గంప దించుకుని లోపలికి తీసుకుపోయేది. ఎమర్జెన్సీ పోయేదాకా మా ఇంట్లో పొయ్యి వెలిగింది అలాగే.

మరి ఆ గంప మీద ప్రభుత్వానికి అంత కన్నెందుకంటే, జైల్లో మనిషి దగ్గర వాళ్లకు కావాల్సింది ఒక సంతకం. మా నాయనకు ఇందిర ప్రభుత్వం పెట్టిన 20 సూత్రాల కార్యక్రమాన్ని సమర్థిస్తున్నానని రాసిస్తే పంపించేస్తామన్నారు. బెలారస్‌లో లుకషెంకోకి క్షమాభిక్ష అర్జీ పెట్టుకోమని ఒత్తిడి చేస్తున్నారు. కార్యకర్తకు తన ఒంటి మీద భయం తక్కువే, అది తెలిసే ఇందులోకి దిగుతాడు. ఇంట్లో పిల్లలు పస్తులున్నారని తెలిస్తే మాత్రం చెయ్యి దానంతటదే పెన్ను పట్టుకుంటుంది. అమ్మ రాసే ఉత్తరాలు ముందు జైలువాళ్లు చదివేవాళ్లు, కాబట్టి ఆమె ప్రతి ఉత్తరంలోనూ "తోటకూర బాగా దొరుకుతోంది" అని రాసేది, నాయనకు అర్థమయ్యేది, సంతకం పెట్టలేదు. కాబట్టి సాయం చేసినవాళ్లను వేధించడం మీరనుకున్నట్టు అతి కాదు, పై అధికారి తెలివితక్కువతనమూ కాదు, జైలు పని చేయాలంటే బయట అది కూడా చేయాల్సిందే.

ఇందులో గెలుపు ఖాయం అని నేను చెప్పలేను. నాయన బయటికొచ్చాక 1977 ఎన్నికల్లో దేశమంతా ఇందిర ఓడిపోతే మన రాష్ట్రంలో 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కే పోయాయి, నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కడే జనతా నుంచి గెలిచాడు. పేపర్లలో ఏమీ రానివ్వకపోతే జనానికెలా తెలుస్తుందని నాయన అనేవాడు గానీ ఆ ఫలితం ఆయన్ని జైలు కంటే ఎక్కువ కుంగదీసింది. బెలారస్‌లో సెర్గేయ్ 2025 జూన్‌లో విడుదలయ్యాడు, ఎంత చిక్కిపోయాడంటే కన్నకూతురే గుర్తుపట్టలేదని చెప్తూ ఏడ్చాడు. బియాలియాత్‌స్కీ, కొలెస్నికోవా, బబరికో ఆ డిసెంబరులో వచ్చారు, అదీ అమెరికా ఆంక్షలు కొన్ని సడలిస్తే. ఆ బేరంలో అందరూ బయటికి రాలేదు, మనకు పేర్లు తెలియనివాళ్లు ఎందరో ఇంకా లోపలే మిగిలారు.

మన దగ్గర మళ్లీ జరుగుతుందా అంటే, అచ్చం అలాగే జరగడం కష్టం. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన 21వ అధికరణాన్ని ఎమర్జెన్సీలో కూడా ఆపకూడదని 1978లో 44వ సవరణ చేశారు. నిర్బంధించినా కోర్టుకు పోయే హక్కు లేదన్న 1976 నాటి సుప్రీంకోర్టు తీర్పును (జస్టిస్ ఖన్నా ఒక్కడే కాదన్నాడు, దానివల్ల ఆయనకు రావాల్సిన ప్రధాన న్యాయమూర్తి పదవి రాకుండా పోయింది) 2017లో అదే కోర్టు కొట్టేసింది. కానీ విచారణ లేకుండా ముందుగానే నిర్బంధించే చట్టాలు ఇంకా ఉన్నాయి, ఏ పార్టీ వచ్చినా వాటిని తీసేయలేదు.

అప్పట్లో జైలుకెళ్లినవాళ్ల అనుభవాలు కొన్నయినా అచ్చయ్యాయి. ఇల్లు నడిపిన ఆడవాళ్లను అడిగినవాళ్లు తక్కువ. మా అమ్మకు ఇప్పుడు ఎనభై దాటాయి, ఆమె చెప్పేవి నేను ఫోన్‌లో రికార్డు చేస్తున్నాను. చిత్తూరు, మదనపల్లె, శ్రీకాళహస్తి వైపు మీసా కింద పోయినవాళ్ల కుటుంబాలు మీకెవరైనా తెలిస్తే మీరూ ఆ పని చేయండి, అడిగేటప్పుడు జైలు గురించి కాకుండా ఇంట్లో బియ్యం ఎలా వచ్చేవని మొదలుపెట్టండి.